తోలు సీలు తీసుకుని ముసునూరు దాకా

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు వేసవిలో మేమిద్దరం ఆదోని నుంచి నూజివీడు మామిడితోటల సీమకు వెళ్ళివచ్చాం. మా వీధి ఆడవాళ్ళలో గుంతకల్లు దాటినవాళ్ళు లేరు. తిరిగివచ్చిన రోజు నుంచీ నీళ్ళ దగ్గరా, పిండిమర దగ్గరా నన్ను నిలబెట్టి "ఏం చూసినావు, ఏం తిన్యావు" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పడం నావల్ల కావడం లేదు. అందుకని కూర్చుని రాస్తున్నాను. చదువు వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి వినిపించండి.

ప్రయాణానికి కారణాలు రెండు. ఒకటి మా అత్తగారి మొక్కు. కొడుకు యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగివస్తే, పెళ్ళి చేసి, కోడలితో సహా బెజవాడ కనకదుర్గ కొండ ఎక్కిస్తానని ఆవిడ మొక్కుకుంది. రెండోది కోటయ్య రాసిన కార్డు. కోటయ్య మిలిటరీలో మా ఆయన స్నేహితుడు. అస్సాం కొండల్లో ఒకే షెడ్డులో ఉండేవాళ్ళట. ఈయన లారీలు బాగుచేసేవారు, కోటయ్య తోలేవాడు. ఇప్పుడతను ముసునూరులో ఒక మామిడితోటల రైతు దగ్గర డ్రైవరు. ఆ లారీ వెనక ఇరుసులోంచి నూనె కారిపోతోందనీ, అక్కడి మెకానిక్కులు రెండుసార్లు విప్పి బిగించినా ఆగలేదనీ, కోటయ్య తోలే తీరే బాగాలేదని యజమాని అంటున్నారనీ, కాయ కోతకొచ్చేలోగా బండి బాగుపడకపోతే తన పని పోతుందనీ ఆ కార్డులో ఉంది.

మా ఆయన పత్తి మిల్లుల లారీలు బాగుచేసే షెడ్డులో పనిచేస్తారు. చాలా తక్కువ మాట్లాడే మనిషి. పెళ్ళయిన కొత్తలో నా మీద కోపమేమో అనుకుని ఏడ్చాను కూడా. కార్డు చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. మర్నాడు షెడ్డు నుంచి రెండు తోలు సీళ్ళు తెచ్చి, నా ఊరగాయ జాడీలో ఇంజను నూనె పోసి అందులో నానబెట్టారు.

"మొక్కు తీర్చుకోని, అట్నుంచి అట్ల కోటయ్య కాడికి పోవాల" అన్నారు.

"అంత దూరమా? ఆ పక్క మెకానిక్కులే లేరా?" అన్నాను.

"పోవాల" అన్నారు మళ్ళీ. అంతటితో మాట అయిపోయింది.

రైల్లో ఊరగాయ

గుంతకల్లు నుంచి బెజవాడకు చిన్న రైలు. నంద్యాల దాటాక నల్లమల అడవి. ఎండకు ఎండి అడవంతా గోధుమరంగులో ఉంది. కిటికీలోంచి వచ్చే బొగ్గు నలుసులు కళ్ళలో పడుతుంటే చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. జాడీ నా ఒళ్ళో ఉంది.

దొనకొండలో ఒక పెద్దావిడ ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. గుంటూరులో కూతురి దగ్గరికి వెళుతోందట. మధ్యాహ్నం తన గిన్నె విప్పి పెరుగన్నం మాకు కూడా చెరో ముద్ద పెట్టింది. తర్వాత నా ఒడిలోకి చూసి, "కాస్త ఊరగాయ ముక్క వెయ్యమ్మా, చప్పగా ఉంది" అంది.

"అది ఊరగాయ కాదవ్వా, లారీది" అన్నాను.

"లారీకి ఊరగాయేంటమ్మా?"

పెట్టెలో ఉన్నవాళ్ళంతా మావైపు తిరిగారు. అప్పుడు మా ఆయన మాట్లాడారు. అన్ని మాటలు ఒక్కసారిగా ఆయన నోట వినడం నాకదే మొదలు. లారీకి ముందర ఇంజను ఉంటుందనీ, అక్కణ్ణుంచి ఒక పొడుగాటి కడ్డీ బండి కింద తిరుగుతూ వెనక ఇరుసు దాకా వస్తుందనీ, ఇరుసు మధ్యలో ఉన్న ఇనుప గుండులో పళ్ళచక్రాలు నూనెలో మునిగి తిరుగుతాయనీ చెప్పారు. కడ్డీ ఆ గుండులోకి దూరే చోట, మెడ చుట్టూ ఒక తోలు బిళ్ళ ఉంటుంది. అదే సీలు. లోపలి నూనె బయటికి రాకుండా, బయటి దుమ్ము లోపలికి పోకుండా అది కాస్తుంది. అది పాడైతే నూనె కారిపోతుంది, నూనె లేకపోతే పళ్ళు అరిగి విరుగుతాయి, అంతటితో బండి నిలబడిపోతుంది.

పెద్దావిడ శ్రద్ధగా విని, "మరి ఆ తోలు బిళ్ళని నూనెలో ఎందుకు నానబెట్టావు నాయనా?" అంది.

"మెత్తగుంటేనే మెడకు అంటుకోని ఉంటాది అవ్వా. ఎండినది మెడను కోస్తాది."

ఆవిడ నావైపు తిరిగి, "నీ మొగుడు మంచి పనివాడమ్మా" అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గుంటూరు వచ్చేదాకా మళ్ళీ నోరు విప్పలేదు.

బెజవాడ

బెజవాడ ఎండ గురించి విన్నాను గానీ ఇంత అనుకోలేదు. మా ఆదోని ఎండ మాడుస్తుంది, ఇక్కడి ఎండ ఉడకబెడుతుంది. కృష్ణలో నీళ్ళు ఒక పక్కకు పోయి మిగతా అంతా ఇసుక. అయినా మా హగరి వాగు చూసిన కళ్ళకు అదే సముద్రం. స్నానం చేసి కొండ మెట్లెక్కి అత్తగారి మొక్కు తీర్చాం. పైనుంచి చూస్తే ఊరు, రైలు వంతెన, నది అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. మా ఆయన మాత్రం వంతెన మీద పోయే రైలునే చూస్తూ నిలబడ్డారు.

సత్రం పక్క హోటల్లో భోజనం. సన్నటి వరి అన్నం, కందిపప్పు, గోంగూర, పులుసు, మజ్జిగ. రొట్టె అడిగితే వడ్డించేవాడు నవ్వాడు. జొన్నరొట్టె ఈ పక్క జ్వరమొచ్చినవాళ్ళు కూడా తినరట. మూడు పూటలా అన్నమే. మొదటిరోజు ఇదేదో పండగలా ఉందనుకున్నాను. మూడోరోజుకు రొట్టె కోసం నాలుక పీకింది.

బొగ్గు బస్సు

నూజివీడుకు దగ్గర దారి వేరే ఉందట గానీ, ఆ పొద్దున దొరికిన బస్సు మైలవరం మీదుగా వెళ్ళేది. పెట్రోలు కరువు వల్ల దాన్ని బొగ్గుతో నడుపుతున్నారు. వెనక ఒక పెద్ద పీపా కట్టి, అందులో బొగ్గు వేసి, ఒకతను పంకా తిప్పితే గానీ బయలుదేరలేదు. ఆ పొగకూ వేడికీ వెనక సీటులో కూర్చున్నవాళ్ళ పని ఇక చెప్పక్కర్లేదు. జి. కొండూరు దగ్గర ఎత్తు వచ్చేసరికి కండక్టరు, "మగాళ్ళంతా దిగాలండీ, కాస్త నెట్టాలండీ" అని మర్యాదగా కేకేశాడు. ఈ పక్క తిట్టినా 'అండీ' అని తిడతారేమో.

మైలవరం దాటాక తోటలు మొదలయ్యాయి. ఒక తోట అయిపోయిందనుకునే లోపల ఇంకొకటి. చెట్లు మా ఊరి చింతచెట్లంత ఉన్నాయి. ప్రతి కొమ్మా కిందికి వాలి, కాయలు మనిషి చేతికందే ఎత్తులో వేలాడుతున్నాయి. మాకు మామిడిపండంటే సంతలో కొనేది. ఇక్కడ దారిలో రాలిన పండును ఎవరూ వంగి చూడరు. నూజివీడు బస్సుల దగ్గర పండ్లు ఎంతకిస్తారని అడిగాను. వంద పండ్ల లెక్కనే ధర చెప్పారు. నాలుగు పండ్లు చాలంటే, గంప ముందు కూర్చున్న ఆమె నన్ను వింతగా చూసి, "నాలుగింటికి డబ్బులేంటమ్మా, తీసుకోండి" అని చేతిలో పెట్టింది.

నూజివీడుకు కోటయ్య ఎద్దుబండి కట్టుకుని వచ్చాడు. నల్లగా, సన్నగా, చురుగ్గా ఉండే మనిషి. మా ఆయన్ని చూడగానే పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"వచ్చావా భీమన్నా! రావేమో అనుకున్నాను."

"రాకుండా యాడికి పోతా" అన్నారు మా ఆయన.

ముసునూరు తోటలో

కోటయ్య ఇల్లు తోటలోనే. తాటాకు కప్పిన పాక. యజమాని ఇచ్చింది. డ్రైవరు పని ఉన్నంతకాలం పాక ఉంటుంది, పని పోతే పాకా పోతుంది. ఈ మాట కోటయ్య భార్య నాంచారమ్మ వచ్చిన గంటలోపే నాకు చెప్పింది, దాచుకోవడానికి ఏమీ లేనట్టు. వయసులో నాకంటే పెద్దదైనా, కోటయ్య మా ఆయన్ని అన్నగా భావిస్తాడు కాబట్టి నన్ను అక్కా అని పిలిచింది.

"గుడివాడ నుంచి కొత్త డ్రైవర్ని మాట్లాడారంటక్కా అయ్యగారు. శుక్రవారం వస్తాడంట. ఈలోగా బండి బాగుపడితే మేం ఉంటాం. లేకపోతే నేను మా అమ్మోళ్ళ ఊరు, ఈయన ఏ ఊరో" అంటూ నాకు మజ్జిగ ఇచ్చింది.

మా భాషతో ఆమెకు తమాషా. "కూడు తింటిరా?" అని అడిగితే నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈ పక్క కూడు అంటే చిన్నతనమట, భోజనం అనాలట. సాయంత్రం వాకిట్లో విడిచిన నా చెప్పులు కనబడక, "నా మెట్లు యాడికి పోయినాయి?" అన్నాను. మాకు మెట్లంటే చెప్పులే. ఆమె కంగారుగా ఇంటి చుట్టూ చూసి, "మాది తాటాకు పాకక్కా, మెట్లెక్కడుంటాయి?" అంది.

ఇక్కడే నాకో ప్రమాదం జరిగింది. మర్నాడు పొద్దున చెట్టు నుంచి అప్పుడే కోసిన కాయ, పచ్చగా నిగనిగలాడుతుంటే ఆగలేక తొడిమ దగ్గర కొరికాను. తెల్లటి సొన చిమ్మి పెదవికి అంటుకుంది. కాసేపటికి పెదవి మండిపోయి పొక్కింది. నాంచారమ్మ పరుగున వచ్చి కొబ్బరినూనె రాసింది. కోసిన కాయల్ని తొడిమ కిందికి పెట్టి సొన కారిపోయాక గానీ ముట్టుకోకూడదట. తోటలో ఎక్కడ చూసినా కాయలు అలా తలకిందులుగా ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. రెండు రోజులు ఉబ్బిన పెదవితోనే తిరిగాను. మా ఆయన నన్ను చూసి నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయన నవ్వగా చూడ్డం కూడా నాకు కొత్తే.

తోటలో పనివాళ్ళు చాలామంది. మగవాళ్ళు పొడుగాటి వెదురు కర్ర చివర చిక్కం కట్టి కాయ కింద పడకుండా కోస్తారు. ఆడవాళ్ళు లెక్కపెట్టి, వరిగడ్డి పరిచిన గంపల్లో పేరుస్తారు. లెక్క మొదలుపెట్టేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు. వాళ్ళలో ఎల్లమ్మ అనే ఆమె నైజాం సరిహద్దు అవతల నుంచి వచ్చింది. అక్కడ ఊళ్ళు తగలబెడుతున్నారని భర్తతో పారిపోయి వచ్చి, ఈ తోటల్లో కూలి చేస్తోంది. "మీ ఊరు గుర్తొస్తుందా?" అని అడిగాను. "కాయ పట్టినప్పుడు యాదికి రాదు, పండుకున్నప్పుడొస్తది" అని మళ్ళీ లెక్కలో పడింది.

లారీ కింద

లారీ తోట మొదట్లో నిలబడి ఉంది. మిలిటరీవాళ్ళు యుద్ధం అయ్యాక అమ్మేసిన బండి. రాఘవయ్యగారు అనే ఆ రైతు మద్రాసు దాకా వెళ్ళి కొనితెచ్చుకున్నారట. చుట్టుపక్కల తోటలవాళ్ళలో సొంత లారీ ఉన్నది ఆయనొక్కరికే. పైనుంచి కింది దాకా ఆకుపచ్చ రంగు మెరిసిపోతోంది. కింద నేల మీద మాత్రం వెడల్పాటి నల్లటి మరక.

మా ఆయన చక్రాలకు రాళ్ళు పెట్టి, గోనెపట్టా పరుచుకుని కిందికి దూరారు. కోటయ్య పక్కన కూర్చున్నాడు. నేనూ, నాంచారమ్మా కొంచెం దూరంలో కాయలు తుడుస్తూ చూస్తున్నాం. కడ్డీ బోల్టులు విప్పి, దాన్ని తాడుతో పక్కకు కట్టారు. గుండు మెడ మీద పెద్ద నట్టు ఒకటి ఉంటుంది. దాన్ని విప్పేముందు ఉలితో నట్టు మీదా, కడ్డీ మీదా కలిసేటట్టు ఒక గీత గీశారు. అది ఎందుకని కోటయ్య అడిగాడు.

"ఎంత బిగువుందో అంతే బిగువు మళ్ళ రావాల. ఎక్కువైతే లోపల బేరింగు పోతాది. తక్కువైతే పళ్ళు కొట్టుకుంటాయి."

పాత సీలు బయటికొచ్చింది. తోలు కర్రలా గట్టిపడి ఒక పక్క చీలిపోయి ఉంది. దాన్ని నూనెలో నానబెట్టలేదు, పొడిదాన్ని అలాగే దిగ్గొట్టారని మా ఆయన అన్నారు. మెడను గుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో నున్నగా చేసి, నా జాడీలోంచి కొత్త సీలు తీసి, చిన్న చెక్కముక్క అడ్డం పెట్టి చుట్టూ సమంగా తట్టి కూర్చోబెట్టారు. మళ్ళీ అన్నీ బిగించి, గీతకు గీత కలిపి, నూనె పోసేసరికి మధ్యాహ్నం దాటింది.

నాంచారమ్మ ఆ పూట మామిడికాయ పప్పు, వంకాయ కూర, కొత్తావకాయ చేసింది. తిన్న తర్వాత పెరుగన్నంలో రసం పండు పిండింది. చిన్నరసం అంటారు. కోయడానికి కాదు, మెత్తగా నలిపి తాగడానికి. బంగినపల్లి మా పక్క ఊరి పేరు పెట్టుకున్న పండే కదా, అది గొప్పదా ఇది గొప్పదా అని కోటయ్య అడిగాడు. మా ఊరి పరువు కోసం బంగినపల్లే అన్నాను గానీ, రెండో పండు కూడా పిండించుకున్నాను.

మళ్ళీ చుక్కలు

సాయంత్రం కోటయ్య, మా ఆయన లారీని నూజివీడు దాకా తోలుకుని వెళ్ళి వచ్చారు. హారను వినబడగానే నాంచారమ్మ చేతిలో పని వదిలేసి పరుగెత్తింది. లారీ ఆగింది. అందరం వంగి చూశాం. గుండు మెడ కింద కొత్త నూనె ఒక చుక్కగా తయారై, బరువెక్కి, నేల మీద పడింది. దాని వెనకే ఇంకొకటి.

నాంచారమ్మ వెనక్కి తిరిగి పాకలోకి వెళ్ళిపోయింది.

సరిగ్గా అప్పుడే రాఘవయ్యగారు గొడుగు వేసుకుని వచ్చారు. బొద్దుగా ఉండే పెద్దమనిషి. చెడ్డవారిలా కనిపించలేదు. కానీ గుట్టలుగా పోసిన కాయలు ఆయన వెనకే ఉన్నాయి. ఎద్దుబండ్ల మీద బెజవాడ చేరేసరికి సగం మెత్తబడుతున్నాయట.

"ఏంటయ్యా కోటయ్యా, ఆదోని నుంచి మనిషొచ్చినా ఇంతేనా?" అన్నారు. తర్వాత మా ఆయనతో, "మీరు కష్టపడి వచ్చారు. మిమ్మల్ని ఏమీ అనను. వీడు బండిని ఎడ్లలా అదిలిస్తాడు. నేను ముందు నుంచీ చెబుతూనే ఉన్నాను" అన్నారు.

కోటయ్య తల వంచుకున్నాడు. మా ఆయన మళ్ళీ లారీ కిందికి దూరారు. ఇంకా వేడిగా ఉన్న గుండుకు నూనె పోసే చోట ఉండే మర స్పానరుతో తిప్పారు. అది ఊడీ ఊడకముందే బుస్సుమని పెద్ద చప్పుడు. నురగతో నూనె చిమ్మి ఆయన ముఖం మీద పడింది. నేను అరిచాను. ఆయన అరవలేదు. అలాగే పడుకుని, నూనె కారుతున్న ముఖంతో, ఆ గుండునే చూస్తున్నారు.

"కోటయ్యా, ఈ కారుడు ఎప్పట్నుంచి?"

"ఉగాది దాటాకన్నా."

"అంతకుముందు?"

"చుక్క కూడా లేదు."

ఆయన చెయ్యి ఇరుసు పైభాగం మీద మెల్లగా జరిగింది. ఒకచోట ఆగింది. "పిన్నీసుందా?" అని నన్నడిగారు. పుస్తెల తాడుకున్న పిన్నీసు తీసి ఇచ్చాను. ఆయన దానితో పొడిచి పొడిచి, ఎండిన ఆకుపచ్చ రంగు పెచ్చు ఒకటి ఊడదీశారు. దాని కింద చిన్న బొక్క.

రంగు

ఆయన బయటికొచ్చి ముఖం తుడుచుకుంటూ చెప్పారు. బండి నడిస్తే లోపలి నూనె, గాలి వేడెక్కుతాయి. వేడెక్కిన గాలి పోవడానికి పైన ఆ బొక్క ఉంటుంది. అది మూసుకుపోతే గాలికి దారిలేక, నూనెను సీలు మీదికి నెడుతుంది. ఎంత మంచి సీలు వేసినా నిలవదు. ఇంతకుముందు వచ్చినవాళ్ళంతా బండి చల్లారాక విప్పారు కాబట్టి వాళ్ళకు ఆ బుస వినబడలేదు. పొద్దున తనకూ వినబడలేదు.

రాఘవయ్యగారు అప్పటికి ఇంటికి వెళ్ళిపోయారు. కోటయ్య ముఖం పాలిపోయింది. అతను మెల్లగా, "ఉగాదికి రంగు వేసింది నేనేనన్నా" అన్నాడు. "కొత్తబండిలా ఉండాలని ఇరుసుకు కూడా రెండు పూతలు వేశాను. ఆ బొక్క సంగతి నాకు తెలీదు."

మా ఆయన ఆ రంగు పెచ్చును వేళ్ళ మధ్య నలిపారు. తర్వాత, "రంగు ఎవరు వేసిన్యారో నేను చెప్పను. బొక్క మూసుకపోయింది అంటా, అంతే. దుమ్ముతో గూడ మూసుకపోతాది" అన్నారు.

మర్నాడు పొద్దున రెండో సీలు వేశారు. ఈసారి కోటయ్యే వేశాడు, ఈయన పక్కన కూర్చుని చెప్పారు. లోతుకు దిగ్గొట్టకుండా ఒక నూలుపోగంత బయటికి ఉంచమన్నారు, పాత సీలు మెడ మీద కోసిన గాడిలో పడకుండా. మళ్ళీ నూజివీడు వెళ్ళి వచ్చారు. అందరం వంగి చూశాం. నాంచారమ్మ చీపురుతో కింద నేలంతా ఊడ్చి, పసుపురంగు మట్టి పరిచి, మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుంది. మట్టి మీద ఒక్క మరక పడలేదు.

రాఘవయ్యగారు, ఆయన భార్య అన్నపూర్ణమ్మగారు కలిసి వచ్చారు. మా ఆయన అనుకున్నట్టే చెప్పారు. రాఘవయ్యగారు వంగి ఆ బొక్కను చూశారు. చుట్టూ ఊడిన ఆకుపచ్చ పెచ్చులు స్పష్టంగానే కనిపిస్తున్నాయి.

"రంగు పూసి మూసేశారు కదయ్యా! ఎవరు చేశారీ పని?"

మా ఆయన నోరు తెరిచారు. ఆలోపే కోటయ్య ముందుకొచ్చాడు.

"నేనేనండి. తెలీక చేశానండి."

పాక గుమ్మంలో నాంచారమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. రాఘవయ్యగారు కోటయ్యనే చూస్తున్నారు. అప్పుడు అన్నపూర్ణమ్మగారు, "ఏవండీ, ఆ రంగు డబ్బాలు బెజవాడ నుంచి తెచ్చిచ్చింది మీరే కదా. ఇరుసు కూడా వదలొద్దు, పెళ్ళికొడుకులా ఉండాలి అన్నారు. నేను వింటూనే ఉన్నాను" అన్నారు.

రాఘవయ్యగారు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "అన్నానే గానీ, బొక్క మీద వెయ్యమన్నానా?" అని గొణిగారు. తర్వాత గుట్టలకేసి చూసి, "సరే. రేపు తెల్లారేసరికి లోడెత్తండి. గుడివాడవాడికి నేను కబురు పెడతాలే" అని, రెండడుగులు వేసి ఆగి, "కోటయ్యా, వీళ్ళకి ఒక గంప మంచి రసాలు ఏరి ఇవ్వు. మెత్తబడనివి" అన్నారు.

ఆయన వెళ్ళిపోయాక నాంచారమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, "అక్కా, అన్నం పెట్టనా?" అంది.

జి. కొండూరులో ఆగినప్పుడు

మర్నాడు ఆ లారీలోనే బెజవాడకు బయలుదేరాం. మైలవరంలో మరికొన్ని గంపలు ఎత్తాలి కాబట్టి ఆ దారినే వెళ్ళాం. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు. లారీ ముందు సీట్లో కూర్చోవడం నాకదే మొదలు. దారి మొత్తం మన కాళ్ళ కిందికే పరుగెత్తుకొస్తున్నట్టు ఉంటుంది. కోటయ్య ఎడ్లను అదిలించినట్టేమీ తోలలేదు. గుంత వస్తే నెమ్మదించి, గంపలకు దెబ్బ తగలకుండా, పసిపిల్లను ఎత్తుకున్నట్టు తీసుకెళ్ళాడు.

జి. కొండూరులో కాఫీకి ఆపాం. మా ఆయన కాఫీకి రాలేదు, లారీ కిందికి వెళ్ళారు. ఆ కిందనుంచే నన్ను పిలిచారు.

"ఏమే, ఇట్ల రా. వచ్చి చూడు."

కాఫీ హోటలు ముందు పదిమంది మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. చీర బిగించుకుని, వంగి, లారీ కిందికి వెళ్ళాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆ గుండు మెడ మీద పెట్టారు. వేడిగా ఉంది. వేళ్ళకు మెత్తటి పొడి దుమ్ము తప్ప ఏమీ అంటలేదు.

"తడి లేదు" అన్నాను.

"లేదు" అన్నారాయన, చిన్నపిల్లాడిలా నవ్వుతూ.

తిరుగు రైలు

బెజవాడ స్టేషన్లో కోటయ్య మామిడిపండ్ల గంప మా పెట్టెలోకి ఎక్కించి, రైలు కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. "ఉంటానన్నా" అన్నాడు కోటయ్య. "ఊఁ" అన్నారు ఈయన.

మంగళగిరి దాటాక మా ఆయన ఉన్నట్టుండి అన్నారు.

"ఆ పొద్దు గూడ ఇట్లనే అన్యాడు వాడు. నేనే అని."

"ఏ పొద్దు?"

అప్పుడు చెప్పారు. అస్సాం కొండల్లో వానాకాలం. లారీలన్నీ వరసగా కొండ మీదికి వెళ్ళాలి. ముందురోజు ఈయన ఒక లారీ ఇరుసులో నూనె చూసి, ఆ మరను చేత్తో తిప్పి, స్పానరుతో బిగించడం మరిచారు. సగం దారిలో మర ఊడి నూనె కారిపోయింది. ఇరుసు బిగుసుకుపోయి లారీ దారికి అడ్డంగా నిలబడింది. దాని వెనక మిగతావన్నీ వానలో సాయంత్రం దాకా నిలిచిపోయాయి. ఆ లారీ తోలింది కోటయ్య. షెడ్డుకు వచ్చాక ఆఫీసరు అందరినీ నిలబెట్టి, మర విప్పింది ఎవరని అడిగాడు.

"నేను నోరు తెరిచే లోపలే కోటయ్య ముందుకొచ్చినాడు. నేనే సార్, దారిలో విప్పి చూసినా, బిగించడం మరిచినా అన్యాడు. ఆ పొద్దు మాత్రం వాడు కాదు. నేను."

"తర్వాత?"

"వాని భుజం మీది పట్టీ పీకేసినారు. నెలలకొద్దీ కాలవలు తవ్విపించినారు, వానలో. ఎందుకు చెప్పినావురా అని అడిగితే, నీ చెయ్యి లేకపోతే ఈ బండ్లు నడవవన్నా, నేను లేకపోతే ఇంకోడు తోలతాడు అన్యాడు."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "నేను ఆ తర్వాత గూడ చెప్పలేదు. యుద్ధం అయిపోయింది. ఇంటికొచ్చినాము. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు."

గంపలోంచి పండు తీసి, మెత్తగా నలిపి, తొడిమ తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన తిన్నారు. ఆ తర్వాత గుంతకల్లు వచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నారు. అక్కడి వానలు, జలగలు, కోటయ్య పాడే పాటలు, తమతో వెళ్ళి తిరిగిరాని మనుషులు. పెళ్ళయినప్పటి నుంచి అడగని ప్రశ్నలన్నీ నేను ఆ రైల్లోనే అడిగాను.

ఇదంతా రాయడం మొదలుపెట్టినప్పుడు, చివరి సంగతి దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. వీధిలో అందరూ చదివేదే కదా. షెడ్డు నుంచి ఆయన వచ్చాక కాగితాలు చూపించి, ఇక్కడితో ఆపేయనా అని అడిగాను. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, కూర్చుని, మొత్తం చదివారు. చాలాసేపు పట్టింది.

"ఆపొద్దు. రాయి" అన్నారు. "నా తప్పు రాయి. వాని పేరు గూడ రాయి."